సఫోక్, నార్ఫోక్ పాత చర్చిలు: చెకుముకి గోడకు చెమ్మ ఎక్కడినుంచి వస్తుంది, ముందు ఏం చేయాలి?

#1 పరంజా_పైన

ఇంగ్లండ్ తూర్పున సఫోక్, నార్ఫోక్ కౌంటీల్లో 14, 15 శతాబ్దాల పారిష్ (ఊరి) చర్చిల మరమ్మతుల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా.

గోడ చెకుముకి రాళ్లది, సుమారు 80 సెం.మీ. మందం. ఉత్తరం వైపు పక్క వరసలో (మధ్య హాలుకు పక్కన ఉండే నడవలో) లోపలి గార నేలనుంచి మీటరు ఎత్తు దాకా ఉబ్బి రాలుతోంది, పై అంచున తెల్లగా చౌడు. బయట రాళ్ల సందులు పూడ్చిన 1960ల నాటి సిమెంటు పాయింటింగ్. కప్పు సీసం రేకులది. పారిష్ కమిటీ ఏమో గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి, చెమ్మ పైకి ఎక్కకుండా కెమికల్ ఎక్కించే కొటేషన్ తెప్పించుకుంది. అయిదేళ్ల తనిఖీ చేసే ఆర్కిటెక్టు ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట సరి? ముందు ఏది చూడాలి?

#2 ఉలిచప్పుడు

ఆర్కిటెక్టు మాటే సరి. కెమికల్ కొటేషన్ చించి అవతల పారేయండి.

ఎందుకంటే ఆ గోడ ఒక్క గోడ కాదు. బయట ఒక పొర, లోపల ఒక పొర, మధ్యలో చిన్నాపెద్దా చెకుముకి ముక్కలు, సుద్ద గడ్డలు, సున్నం కలిపి కూరిన పోగు. కెమికల్ పద్ధతి ఇటుక గోడకు, వరస తప్పని సందులున్న గోడకు పుట్టింది. ఇక్కడ డ్రిల్లు చెకుముకి తగిలితే జారిపోతుంది, పోగులో పడితే ద్రవం ఖాళీల్లోకి కారిపోతుంది. చెకుముకి చుక్క నీళ్లు పీల్చదు. చెమ్మ అంతా సున్నంలోనే నడుస్తుంది, ఆ సున్నానికి అడ్డుకట్ట వరసగా పడే దారే లేదు. డబ్బు పోతుంది, గోడకు రంధ్రాలు మిగులుతాయి.

మరమ్మతుకు ముందు కట్టడాన్ని చదవండి. గోపురం తూర్పు ముఖాన, నేవ్ (చర్చి మధ్య హాలు) కప్పు పైన, ఏటవాలు గీత ఒకటి కనిపిస్తుందేమో చూడండి. అది పాత కప్పు ఆనవాలు. మొదట గడ్డి కప్పో పెంకు కప్పో నిటారుగా ఉండేది. 15వ శతాబ్దంలో నేవ్ గోడలు ఎత్తి, పైన కిటికీల వరస పెట్టి, దాదాపు చదునుగా సీసం కప్పేశారు. చదును కప్పు అంటే వర్షం మెల్లగా దిగుతుంది, గట్టర్ మీద భారం ఎక్కువ. మీ పక్క వరస కప్పు కూడా ఆ తరం పనే అయ్యుండొచ్చు.

ఇంకో సంగతి. బలిపీఠం ఉండే చాన్సెల్ ఖర్చు ఆ చర్చి రాబడి తీసుకునే రెక్టర్‌ది, జనం నిలబడే నేవ్ ఖర్చు ఊరివాళ్లది. అందుకే ఉన్ని వ్యాపారంతో ఊరు బలిసిన చోట నేవ్ కోటలా ఉండి చాన్సెల్ పాత కాలానిదే మిగిలిపోయిన చర్చిలు కనిపిస్తాయి. రెండింటి గోడలు, పునాదులు, సున్నం వేర్వేరు. రెండింటికీ ఒకే మందు రాయకూడదు.

#3 తూముగట్టు

ఉలిచప్పుడు గారు చెప్పినదానికి కింద ఒక గీత గీయండి. నేను ఒక్క పనే చెబుతా: జోరున వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఉత్తరం గోడ చుట్టూ తిరగండి. ఎండలో చేసిన తనిఖీ సగం తనిఖీయే.

చూడాల్సినవి ఇవీ. గట్టర్ ఎక్కడ పొంగుతోంది, ఎక్కడ జాయింటు దగ్గర కారుతోంది. దిగుడు గొట్టం పోత ఇనుముదైతే దాని వెనక వైపు, గోడకు ఆనుకున్న వైపు, అద్దం పెట్టి చూడండి. పెయింటు బ్రష్ అక్కడికి అందదు, తుప్పు అక్కడే తింటుంది. ముందువైపు నల్లగా నిగనిగలాడుతుంటుంది, వెనక నిలువునా చీలి గోడలోకి నీళ్లు పోస్తుంటుంది. గొట్టం వెనక గోడ మీద ఆకుపచ్చ పాచి చార కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. కొత్త గొట్టం వేసేటప్పుడు గోడకూ దానికీ మధ్య కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి, బ్రష్ దూరాలి.

తర్వాత గొట్టం అడుగు భాగం. కింద నీళ్లు దిగే తూము మూతలో ఆకులు ఇరుక్కుని ఉంటాయి. రెండు బకెట్ల నీళ్లు గబగబా పోయండి. నీరు నిలిచిందా, భూమి కింద పైపు పూడుకుపోయినట్టే. 19వ శతాబ్దంలో వేసిన మట్టి పైపులు చాలా చోట్ల చెట్ల వేళ్లతో నిండిపోయాయి, ఏళ్ల తరబడి కప్పు నీళ్లంతా పునాది పక్కనే ఇంకుతుంటాయి. మీటరు ఎత్తు చౌడుకు కారణం తొంభై పాళ్లు ఇదే అయ్యుంటుంది.

ఆకులు తీయడం ఏడాదికి కనీసం రెండుసార్లు: ఆకు రాలడం పూర్తయ్యాక ఒకసారి, వసంతంలో ఒకసారి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పరంజా ఖర్చూ లేదు, ఒక మంచి నిచ్చెన, దాన్ని పట్టుకునే మనిషి చాలు.

#4 పరంజా_పైన

ధన్యవాదాలు. గొట్టం వెనక చార ఉంది! ఇంకో ప్రశ్న. బయట నేల లోపలి నేల కంటే దాదాపు 40 సెం.మీ. ఎత్తు. చుట్టూ తవ్వి కంకర నింపితే?

#5 తూముగట్టు

ఆగండి, పలుగు పట్టకండి.

వందల ఏళ్లుగా అక్కడ మనుషుల్ని పూడ్చారు కాబట్టి నేల పెరిగింది. తవ్వితే ఎముకలు బయటపడతాయి. అందుకే తవ్వకానికి డయాసిస్ (బిషప్ పాలనా ప్రాంతం) అనుమతి కావాలి, పురావస్తు నిపుణుడు పక్కన నిలబడాలి. ఇది ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది: ఈ చర్చిల పునాది చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు, గుంట తీసి చెకుముకి, సుద్ద పొరలు పొరలుగా దిమ్మిస చేసిందే. గోడ పక్కన లోతుగా గుంట తీస్తే గోడ కాళ్ల కింద మట్టి లాగేసినట్టే. 19వ శతాబ్దపు విక్టోరియా కాలంలో అలా తీసిన గుంటల వల్ల బయటికి ఒరిగిన గోడలు ఉన్నాయి.

ముందు కప్పు నీళ్లు గోడకు దూరంగా తీసుకెళ్లండి. ఇంకుడు గుంత గోడనుంచి కనీసం 5 మీటర్ల అవతల. అది చేశాక ఒక ఏడాది ఊరుకోండి. ఇంత మందం గోడ ఆరడానికి అంత సమయం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అప్పటికీ చెమ్మ తగ్గకపోతే లోతు తక్కువ కాలువ గురించి మాట్లాడదాం. కంకర కాలువ వేసి దానికి బయటికి దారి లేకపోతే అది కాలువ కాదు, గోడ పక్కన చెరువు.

#6 తాపీ_మేస్త్రీ

సిమెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. అది మొత్తం కొట్టిపారేసి సున్నంతో పాయింటింగ్ చేయమంటారా? నేను రాతి కట్టడం పనివాణ్ణే కానీ చెకుముకి మీద అనుభవం లేదు.

#7 సున్నపు_బట్టీ

తాపీ అన్నా, మొత్తం కొట్టొద్దు. ఇక్కడే చాలామంది ఉత్సాహం ఎక్కువై గోడ పాడు చేస్తారు.

సిమెంటు ఎందుకు చెడు? సున్నం కంటే గట్టి, బిగువు. గోడ కాస్త కదిలితే సున్నం సర్దుకుంటుంది, సిమెంటు చెకుముకి అంచు దగ్గర వెంట్రుక వాసి పగులుతుంది. ఆ పగుల్లోంచి వాన లోపలికి పోతుంది, బయటికి ఆరే దారి మాత్రం సిమెంటు మూసేసింది. ఇక మిగిలిన దారి లోపలి గార. చౌడు లోపల తేలడానికి కారణం అదే.

ఇప్పుడు పద్ధతి. చిన్న సుత్తి, సన్నటి ఉలి తీసుకుని అరచదరపు మీటరు నమూనాగా చేసి చూడండి. గ్రైండర్ వద్దేవద్దు, అది చెకుముకి అంచుల్ని కోస్తుంది, కోసిన గీత వందేళ్లు కనిపిస్తుంది. సిమెంటు బెరడులా ఊడి వస్తే సంతోషం, తీసేయండి. చెకుముకిని పట్టుకుని దానితోపాటే ఊడి వస్తుంటే అక్కడ ఆపండి. పట్టు ఉన్న సిమెంటు అలాగే ఉండనీయండి, డొల్ల చప్పుడు వచ్చే చోట, పగిలిన చోట, గొట్టాల వెనక మాత్రమే మార్చండి. సిమెంటు తీయడంలో పోయే చెకుముకి రాళ్లు సిమెంటు ఉండటంలో పోయేవాటి కంటే ఎక్కువైతే ఆ పనికి అర్థం లేదు.

సందు లోతు కనీసం 25 మి.మీ. లేదా సందు వెడల్పుకు రెట్టింపు, ఏది ఎక్కువైతే అది. దుమ్ము ఊడ్చి, నీళ్లు చల్లి తడపాలి. కారేంత కాదు, మెరుపు పోయేంత తడి. మిశ్రమం ఒక వంతు సున్నానికి రెండున్నర నుంచి మూడు వంతుల ఇసుక, సన్నది, గరుకుది కలిసినది. 5 మి.మీ. గులక దాకా ఉండాలి. మెత్తటి బిల్డర్ ఇసుక వాడితే ఎండగానే ముడుచుకుని పగుళ్లు.

చెకుముకితో వచ్చే చిక్కు చెబుతా వినండి. ఇటుకలా నీళ్లు పీల్చదు కాబట్టి సున్నం తడి పోయే చోటు లేక రాయి తేలుతుంది, జారుతుంది. వెడల్పు సందుల్లో ఇంకా కష్టం. పాతవాళ్లు దీనికి చెకుముకి పెంకుల్ని, రాయి కొట్టినప్పుడు రాలే ముక్కల్ని, పచ్చి సున్నంలోకి గుచ్చేవాళ్లు. సున్నం మోతాదు తగ్గుతుంది, రాయి కదలకుండా బిగుస్తుంది. అందానికి అనుకుంటారు గానీ ఆ పెంకులు పనిచేసే భాగాలు. నార్విచ్ చుట్టుపక్కల గోడల్లో దగ్గరికెళ్లి చూస్తే నల్లటి గోరు ముక్కల్లా సందుల నిండా కనిపిస్తాయి.

పని అయ్యాక తాపీతో నున్నగా లాగకండి. అలా లాగితే పైన సున్నపు పాలు తేరి పొర కడుతుంది, లోపల గట్టిపడదు. కాస్త బిగిసేదాకా, బొటనవేలు పెడితే గుర్తు పడీపడనట్టు ఉండేదాకా ఆగి, గట్టి కుచ్చుల బ్రష్‌తో పొడుస్తూ కొట్టాలి. ఇసుక గింజ బయటికి తేలుతుంది, ఆరే ముఖం పెరుగుతుంది. తర్వాత తడి గోనెపట్టా కప్పి వారం పైన నీడలో, తడిగా ఉంచాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుని సున్నం మళ్లీ రాయి కావాలంటే కాస్త తడి ఉండాలి. ఎండిపోతే పొడిగా రాలుతుంది. 5 డిగ్రీల లోపు చలిలో పని పెట్టుకోవద్దు. ఏప్రిల్‌కు ముందు మొదలుపెట్టకూడదు, సెప్టెంబరు దాటనివ్వకూడదు.

#8 ఉలిచప్పుడు

బాగా చెప్పారు. ఏ సున్నం అన్నది కూడా తేల్చండి. బజార్లో బస్తా మీద ఎన్‌హెచ్‌ఎల్ (నీటితోనే గట్టిపడే సహజ సున్నం) 2, 3.5, 5 అని ఉంటుంది. చాలామంది కాంట్రాక్టర్లు "వానకు తట్టుకోవాలి" అని 5 పోస్తారు.

#9 సున్నపు_బట్టీ

5 మీద నాకు నమ్మకం లేదు. ఆ అంకె 28 రోజులకు ఉండాల్సిన కనీస బలం మాత్రమే. అది ఆ తర్వాతా పెరుగుతూనే పోతుంది. ఏడాది రెండేళ్లకు కొన్ని 5 రకాలు మనం పారిపోయి వచ్చిన సిమెంటుకు దగ్గరగా తేలతాయి. నేల దగ్గర, గోపురం పైన పారపెట్ (పిట్టగోడ) దగ్గర 3.5 చాలు, మిగతా గోడకు 2 గానీ వేడి సున్నం గానీ.

వేడి సున్నం అంటే కాల్చిన సున్నపు గడ్డల్ని తడి ఇసుకలోనే కలిపి, అక్కడే ఉడికించి వాడేది. మధ్యయుగపు మేస్త్రీలు చేసింది ఎక్కువగా అదే. పాత సందుల్లో కనిపించే తెల్లటి సున్నపు గింజలు, శనగ గింజంత, అరకొరగా ఉడికిన ముక్కలు, దానికి సాక్ష్యం. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దగ్గరికి రానివ్వద్దు. కంట్లో పడితే చూపే పోతుంది.

#10 గచ్చుబావి

మన దగ్గర డంగు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవాళ్లు కదా, అక్కడ పనికొస్తాయా?

#11 సున్నపు_బట్టీ

కొత్త పదార్థం చేర్చొద్దు. పాత సున్నం ముక్క తీసి ల్యాబ్‌కు పంపితే ఇసుక రకం, గింజల కొలత, సున్నం ఎన్ని వంతులో చెబుతారు. దానికి దగ్గరగా కలిపితే చాలు.

#12 వెల్లగోడ

లోపలి గార గురించి గట్టిగా హెచ్చరించాలి. రాలుతోంది కదా అని మొత్తం గీకి రాయి కనిపించేలా చేయాలనే మోజు ఒకటి ఉంది. విక్టోరియా కాలంలో "పాతకాలం లుక్" కోసం వేలాది చర్చిల గోడల్ని అలా తోలు ఒలిచారు. 1877లో డిజైనర్ విలియం మోరిస్, ఆర్కిటెక్టు ఫిలిప్ వెబ్ వాళ్లు ప్రాచీన భవనాల రక్షణ సంఘం పెట్టింది ఈ గీకుడికి అడ్డం పడటానికే, దానికి "యాంటీ స్క్రేప్" అనే ముద్దుపేరే వచ్చింది. అసలు మధ్యయుగంలో ఈ గోడలు లోపలా, చాలాచోట్ల బయటా సున్నం పూసి ఉండేవి. బయట కిటికీ మూలల్లో, చూరు కింద వాన తగలని చోట పాత పూత అట్టలు ఇప్పటికీ దొరుకుతాయి.

లోపలి సున్నపు పొరల కింద బొమ్మలు ఉండొచ్చు. ఎడ్వర్డ్ 6 కాలంలో, 1540ల చివర, వెల్ల వేసి కప్పేశారు. ఎక్కువగా దొరికే చోట్లు రెండు: దక్షిణం ద్వారానికి ఎదురుగా ఉత్తరం గోడ మీద సెయింట్ క్రిస్టఫర్, చాన్సెల్ తోరణం పైన తుది తీర్పు. మీ గోడ ఉత్తరానిదే కాబట్టి గార ఒక్క చెక్క కూడా తీయకముందు గోడచిత్రాల సంరక్షకులు ఎవరినైనా పిలిపించండి. సన్న కత్తితో పొరలు ఒక్కొక్కటే విప్పి చూస్తారు.

వెన్హాస్టన్ అని సఫోక్‌లో చిన్న ఊరు. 1892లో అక్కడ మరమ్మతు చేస్తూ చాన్సెల్ తోరణం నింపిన వెల్ల వేసిన చెక్క పలకల్ని చెత్త అనుకుని చర్చి ఆవరణలో పడేశారు. రాత్రి వాన కురిసి సున్నం కడుక్కుపోతే తుది తీర్పు చిత్రం మొత్తం బయటపడింది. ఇప్పుడు దాన్ని చూడటానికే జనం ఆ ఊరు వెళతారు.

బొమ్మలు దొరికాక చేసే పొరపాటు ఇంకో రకం. గ్లోస్టర్‌షైర్‌లో కెంప్లీ సెయింట్ మేరీ చర్చి చూడండి. చాన్సెల్‌లో 12వ శతాబ్దపు చిత్రాలు, తడి సున్నం మీద వేసినవి, సింహాసనం మీద క్రీస్తు, రెండు పక్కలా అపొస్తలులు. 1872లో వెల్ల కింద దొరికాయి. కాపాడదామని లక్క వార్నిష్ పూశారు. అది నల్లబడి, గోడ శ్వాస మూసేసింది. 1955లో గోడచిత్రాల సంరక్షకురాలు ఈవ్ బేకర్ దాన్ని ఓపిగ్గా తీయాల్సి వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో గోడచిత్రాలు బాగుచేసే ట్రిస్ట్రామ్ చాలా చర్చిల్లో మైనం పూశాడు, అదీ అంతే: చెమ్మ వెనక నిలిచి రంగు పొర విడిపోయింది. ఇప్పుడు ఆ మైనం తీయడమే ఒక వృత్తి.

#13 పరంజా_పైన

మరి రాలిన చోట ఏం చేయాలి? ప్లాస్టర్ వాళ్లు జిప్సం వేస్తామంటున్నారు.

#14 వెల్లగోడ

జిప్సం వద్దు, తడి తగిలితే మెత్తబడిపోతుంది. అక్రిలిక్, ఎమల్షన్ పెయింటు అంతకన్నా వద్దు. ముందు చౌడు రాలనివ్వండి. మెత్తటి బ్రష్‌తో ఊడ్చి, ఆ పొడి ఎత్తి బయట పారేయండి, తడి గుడ్డతో తుడవకండి. తుడిస్తే ఉప్పు కరిగి లోపలికే వెళుతుంది. గోడ ఆరాక సున్నం గార, వెంట్రుక కలిపినది, ఆపైన పల్చటి వెల్ల నాలుగైదు పూతలు. వెల్ల పాలంత పల్చగా ఉండాలి. చిక్కగా వేస్తే పొలుసు లేస్తుంది.

మీటర్ పెట్టి చెమ్మ ఎంతో చెబుతామనేవాళ్ల మాట అంతగా నమ్మకండి. ఆ రెండు సూదుల మీటర్ కర్ర కోసం చేసింది. గోడలో ఉప్పు ఉంటే ఆరిన గోడకూ ముల్లు ఎర్రగీత దాటుతుంది.

హీటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. వారంలో ఆరు రోజులు చల్లగా వదిలేసి ఆదివారం పొద్దున 20 డిగ్రీలకు ఎక్కించే అలవాటు చెడ్డది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. ఒక్కో చుట్టులో గింజ ఉబ్బి గారను తన్నుతుంది. వారానికోసారి ఆ తన్ను పడితే గార ఎలా నిలుస్తుంది? గ్యాస్ మంట హీటర్లయితే మరీ చెడ్డ, మండితే నీటి ఆవిరే బయటికి వస్తుంది.

#15 సీసంకప్పు

కప్పు దగ్గరికి రండి. ఈ సీసం ఎంత పాతది, రేకుల కొలతలేమిటి? చిరుగులు ఉంటే ముందు అది చూడాలి.

సీసం చిరగడానికి ముఖ్య కారణం రేకు మరీ పెద్దదవ్వడం. ఎండకు పెరుగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 3 మీటర్ల రేకు 70 డిగ్రీల తేడాకు సుమారు 6 మి.మీ. కదులుతుంది. కదలడానికి చోటు లేకుండా నాలుగు పక్కలా మేకులు కొడితే మధ్యలో మడత లేచి అక్కడే పగులుతుంది. కోడ్ 8 సీసం, అంటే 3.55 మి.మీ. మందం, చదును కప్పు మీద 750 మి.మీ. వెడల్పు, 3 మీటర్ల పొడవు దాటకూడదు. కోడ్ 7 అయితే 675, రెండున్నర మీటర్లు. మేకులు రాగివి, పై అంచునే. మిగతా రేకు వేలాడుతూ స్వేచ్ఛగా జారాలి.

పగిలిన చోట తారు గుడ్డ అంటించడం, సీలెంట్ పిచికారీ చేయడం పనికిరాదు. కింద నీళ్లు నిలిచి చెక్కను తింటుంది, పైగా ఆ సీసాన్ని మళ్లీ కరిగించి పోత పోయడానికీ పనికిరాకుండా చేస్తుంది. సరిగ్గా అతుకు వేయాలంటే లెడ్ వెల్డింగ్, అది కూడా కప్పు మీద నిప్పు పని. కప్పు మీద మంట పెట్టి చర్చి కాల్చుకున్న ఉదాహరణలు చాలా ఉన్నాయి. రేకు కిందికి దించి చేయించండి.

అడుగు వైపు తుప్పు అనే ఇంకో జబ్బుంది. వెచ్చటి తడి గాలి లోపలినుంచి లేచి చల్లటి సీసం అడుగున చుక్కలు కడుతుంది. ఓక్ చెక్కనుంచి వచ్చే ఆమ్లం తోడైతే తెల్లటి పొడి పొరలు పొరలుగా రాలుతుంది, పైనుంచి చూస్తే రేకు బ్రహ్మాండంగా ఉంటుంది. కొత్త రేకు వేసేటప్పుడు చెక్కల మధ్య సన్న సందు, కింద 50 మి.మీ. గాలి దారి, రేకు అడుగున సుద్ద పూత, ఇవన్నీ దానికే.

#16 తాపీ_మేస్త్రీ

దొంగతనాల వల్ల సీసం మానేసి స్టీలు వేస్తున్నారంట కదా?

#17 సీసంకప్పు

టెర్న్ అనే తగరం కలిసిన పూత వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు. అరమిల్లీమీటరు మందం కూడా ఉండదు, పాత ఇనుము కొట్లో ధర రాదు కాబట్టి దొంగలు ముట్టుకోరు. కోడ్ 8 సీసం చదరపు మీటరుకు 40 కిలోలు, రాత్రికి రాత్రి ఒక పక్క వరస ఒలుచుకుపోతే టన్నుల లెక్క.

నాకు స్టీలు ఇష్టం లేదు, కానీ ఊరికి దూరంగా, రోడ్డుకు దగ్గరగా ఉండి రెండుసార్లు పోగొట్టుకున్న చర్చికి అదే వేయమంటా. కింద నుంచి కనిపించని చోట తప్పు లేదు. వాన పడితే డప్పు మోత ఉంటుంది, అడుగున పరుపు వేయాలి. సీసమే ఉంచుకునేవాళ్లు కప్పు మీద అలారం, రేకులకు ఫోరెన్సిక్ గుర్తు ద్రవం పెట్టుకోవాలి; చాలా బీమా కంపెనీలు అది లేకపోతే దొంగతనానికి పైకం సరిగా ఇవ్వవు. నిచ్చెనలు, చెత్త డబ్బాలు గోడ పక్కన వదలకండి, దొంగకు మెట్లు అవే.

#18 ఓక్‌దూలం

సీసం కారితే ముందు చచ్చేది దూలం చివర. గోడలో దూరిన ఆ భాగం గాలి తగలక చెమ్మగా ఉంటుంది, బూజు పట్టి మెత్తబడుతుంది, తర్వాత డెత్‌వాచ్ పెంకు పురుగు వస్తుంది. ఆరిన ఓక్ దానికి పట్టదు, ముందు బూజు మెత్తబరచాలి. గుడ్డునుంచి పెద్ద పురుగై చెక్క బయటికి రావడానికి పదేళ్ల దాకా పడుతుంది, వసంతంలో తలతో చెక్కను కొట్టి చప్పుడు చేస్తుంది. 3 మి.మీ. గుండ్రటి రంధ్రాలు, కింద బిస్కట్ పొడిలాంటి గింజల చెత్త.

రంధ్రాలు చూసి భయపడి మందు పిచికారీ చేయించకండి. రంధ్రాలు 300 ఏళ్ల కిందటివి అయ్యుండొచ్చు. దూలం కింద నల్ల కాగితం పరిచి జూన్ దాకా చూడండి, కొత్త పొడి పడితేనే బతికున్నట్టు. పైపూత మందు ఓక్ లోపలికి అంగుళం కూడా దిగదు, పైగా పురుగుల్ని తినే సాలీళ్లను చంపుతుంది. ఆరబెట్టడమే మందు.

చివర పూర్తిగా పోతే పాడైన మేరకే కోసి, కొత్త ఓక్ ముక్కను ఏటవాలు జోడుతో కలిపి ఓక్ మేకులు దిగ్గొట్టాలి. స్టెయిన్‌లెస్ పట్టీ లోపల దాచినా తప్పు లేదు. రెసిన్ పోసి చివర కట్టడం 1970, 80ల్లో ఫ్యాషన్. రెసిన్ చుట్టూ చెమ్మ నిలిచి పక్క చెక్క మళ్లీ కుళ్లిన చోట్లు ఉన్నాయి, అందుకే నేను చివరి దారిగానే చూస్తా.

దేవదూతల కప్పు ఉన్న చర్చి అయితే ఇంకా జాగ్రత్త. సఫోక్‌లో బ్లైత్‌బర్గ్ హోలీ ట్రినిటీ చర్చి తెలుసుగా, నేవ్ నడికొప్పున చెక్క దేవదూతలు రెక్కలు చాపి ఉంటాయి. వాటిలో సీసపు గుళ్లు దొరికితే 1644లో విగ్రహాలు పగలగొట్టడానికి వచ్చిన డౌసింగ్ మనుషుల పని అని చాలాకాలం చెప్పుకున్నారు. 18వ శతాబ్దంలో లోపల గూళ్లు పెట్టిన కాకుల్ని కాల్చినప్పుడు తగిలినవని ఇప్పుడు అంటున్నారు. ఆ చర్చి గోపురం మొన 1577 ఆగస్టు 4న పిడుగుతో కూలి కప్పు చీల్చుకుని పడింది. 1881 నాటికి ప్రమాదకరమని మూసేశారు, దాన్ని ఎలా బాగుచేయాలన్న దానిపై మోరిస్ సంఘానికీ చర్చి వాళ్లకూ ఏళ్ల తరబడి తగువు. ఈరోజు మనం చూసే రంగు వెలిసిన ఓక్ అలాగే మిగిలిందంటే ఆ తగువు పుణ్యమే.

#19 మెదక్_మిత్ర

మెదక్ చర్చికీ ఇవే సూత్రాలు వర్తిస్తాయా? అది కూడా గోతిక్ శైలే.

#20 తూముగట్టు

శైలి ఆ వంశమే గానీ అది 1924 నాటి కట్టడం, అక్కడి రాయి వేరు, వాన వేరు. విడిగా చర్చ తెరవండి, వస్తాం. ఇక్కడ కలిపితే పరంజా_పైన గారి గోడ అలాగే ఉండిపోతుంది.

#21 కాగితాలు

అనుమతుల సంగతి చెప్పేవాళ్లు లేరని వచ్చా. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాడుకలో ఉన్న చర్చిలకు, రక్షిత కట్టడాలకు తీసుకునే మామూలు లిస్టెడ్ బిల్డింగ్ అనుమతి బదులు సొంత పద్ధతి ఉంది, దాన్ని ఫాకల్టీ అంటారు. డయాసిస్ ఛాన్సలర్ అనే చర్చి న్యాయమూర్తి ఇస్తారు, అది కోర్టు ఆర్డరే. గట్టర్ శుభ్రం చేయడంలాంటివి ఎ జాబితాలో, అడగక్కర్లేదు. పాతదానితో సరిపోయే పదార్థంతో చిన్న మరమ్మతులు బి జాబితాలో, ఆర్చ్‌డీకన్ (బిషప్ కింది అధికారి) రాతపూర్వక అనుమతి చాలు. తవ్వకం, కప్పు పదార్థం మార్పు, గోడచిత్రాల పని అయితే పూర్తి ఫాకల్టీ. ముందుగానే డయాసిస్ సలహా కమిటీతో మాట్లాడితే ఆర్నెల్లు ఆదా. అనుమతి లేకుండా చేసిన పనిని తీయించి పాత స్థితికి తెమ్మని ఆర్డరు వస్తుంది, ఖర్చు చేసినవాళ్లదే.

1955 చట్టంనుంచి ప్రతి చర్చికీ అయిదేళ్లకోసారి ఆర్కిటెక్టులాంటి నిపుణుల తనిఖీ తప్పనిసరి. మీ దగ్గర గత నాలుగైదు రిపోర్టులు ఉంటాయి, పక్కపక్కన పెట్టి ఉత్తరం గోడ గురించి ప్రతిసారీ ఏమన్నారో చదవండి. "గట్టర్ మార్చాలి" అని ఇరవై ఏళ్లుగా రాస్తూ ఉంటే ఆశ్చర్యపోకండి.

గబ్బిలాలు ఉన్నాయా చూడండి. 1981 చట్టం ప్రకారం వాటినీ, అవి ఉండే చోటునూ చెదరగొట్టడం నేరం. సందుల్లో గూడు ఉంటే పాయింటింగ్ కూడా ఆపాలి. మూత్రం ఇత్తడి పలకల్ని, అలబాస్టర్ విగ్రహాల్ని తింటుంది కాబట్టి ఆ కింద ఉన్నవాటికి కప్పు వేయాలి, ప్లాస్టిక్ కాదు, గాలి ఆడే గుడ్డ. పిల్లలు పెట్టే నెలలు, మే నుంచి ఆగస్టు, పరంజా వేయకండి.

#22 సున్నపు_బట్టీ

అంటే సున్నం పని నెలలూ గబ్బిలాల నెలలూ ఢీకొంటాయి. ఉత్తరం గోడకు ఏప్రిల్ లేదా సెప్టెంబరు మొదటి సగం మాత్రమే మిగులుతుంది. సెప్టెంబరే ఎంచుకోండి, నేల వేసవి వేడి ఇంకా పట్టుకుని ఉంటుంది. రాత్రి చలికి మందపాటి గోనెపట్టా రెండు వరసలు వేయండి.

#23 పరంజా_పైన

కెమికల్ కొటేషన్ వెనక్కి పంపించాం. గొట్టం మార్పుకు ఆర్చ్‌డీకన్‌కు ఉత్తరం సిద్ధమవుతోంది, పాత గొట్టం కొలత 100 మి.మీ. గుండ్రం. కొత్తది అల్యూమినియం వేయనా, పోత ఇనుమేనా?

#24 తూముగట్టు

పోత ఇనుమే, బిగించే ముందే నాలుగు పక్కలా, వెనక్కూ, పెయింటు కొట్టించి. జాయింట్లు పుట్టీతో మూయకండి, వదులుగా ఉంచండి. ఎక్కడైనా పూడుకుంటే ఆ జాయింటులోంచి బయటికి కారి కనిపించాలి. పైన హాపర్‌కు (గట్టర్ నీళ్లు గొట్టంలోకి పట్టే పెట్టెకు) ముందువైపు చిన్న పొంగు రంధ్రం పెట్టించండి, నీళ్లు గోడ మీద కాకుండా దూరంగా పడేలా.